డెల్టా వరిలో ఏ పని ఎందుకు: కాలువ తెరిచిన రోజు నుంచి మాసూళ్ల (కోత, నూర్పిళ్ల) దాకా

గోదావరి డెల్టా వరిసాగు గురించి రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. రైతులు ఎంత చెప్పినా వినరు, నారు ముదరబెడతారు, యూరియా గుమ్మరిస్తారు, గడ్డి తగలబెడతారు అనేది అధికారుల మాట. కాగితం మీద రాసినవి చేలో జరగవనేది రైతుల మాట. రెండిట్లోనూ నిజం ఉంది. ఇక్కడి పద్ధతుల్లో చాలావాటికి గట్టి కారణాలే ఉన్నాయి. వాటిని మొక్కలో వెతికితే దొరకవు. కాలువలో, మురుగు బోదెలో, కౌలు ఒప్పందంలో వెతకాలి. కొన్నిటికి మాత్రం కారణం ఎప్పుడో పోయి అలవాటు ఒక్కటే మిగిలింది. ఈ రెండు రకాలనూ విడదీసి చూడకుండా రైతును తప్పుపట్టడమూ తప్పే, వెనకేసుకు రావడమూ తప్పే.

ముందు తేదీలు

ధవళేశ్వరం దగ్గర సర్ ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. ఇప్పుడున్న బ్యారేజీ 1982లో పూర్తయింది. దాని కింద తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడింటిలో కలిపి దాదాపు పది లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. బ్యారేజీ నీటిని కాలువల్లోకి మళ్లిస్తుందే తప్ప పెద్దగా నిల్వ పెట్టదు. అందుకే నదిలో నీళ్లున్నంత కాలమే కాలువల్లో నీళ్లు. సార్వాకు, అంటే వానాకాలం పంటకు, వరద గోదావరి సరిపోతుంది. దాళ్వాలో, అంటే రెండో (రబీ) పంటలో, నదీ ప్రవాహం పడిపోయాక, ఎగువన బలిమెల, డొంకరాయి వైపు విద్యుత్ ఉత్పత్తి చేసి వదిలే సీలేరు నీళ్లు శబరి మీదుగా వచ్చి ఆదుకోవాలి. ఏప్రిల్‌లో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు, జూన్‌లో మళ్లీ తెరుస్తారు.

ఇక మూడో తేదీ ఎవరూ ప్రకటించనిది. అక్టోబర్, నవంబర్ నెలల తుపాను. 1996 నవంబర్ 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను కోనసీమలో చేలనూ కొబ్బరి తోటలనూ నేలమట్టం చేసింది. తుపాను డిసెంబర్‌లో రాదన్న నమ్మకమూ లేదు. 2018లో పెథాయ్, 2023లో మిచౌంగ్ డిసెంబర్‌లోనే వచ్చాయి.

ఈ తేదీల మధ్య వరి ఎలా ఇరుక్కుంటుందో చూడటానికి ఒక చిన్న లెక్క చాలు. ఏ రకమైనా అంకురం తొడిగిన, అంటే కాండం లోపల కంకి రూపుకట్టడం మొదలైన దగ్గర్నుంచి కోతకు సుమారు 65 రోజులు పడుతుంది, పూత నుంచి కోతకు 30 రోజులు. స్వల్పకాలికమైనా దీర్ఘకాలికమైనా ఈ భాగం మారదు, తేడా అంతా అంతకుముందు పిలకలు తొడిగే కాలంలోనే. 150 రోజుల స్వర్ణ రకం జూన్ 10న ఆకుమడిలో (నారుమడిలో) పడితే అంకురం సెప్టెంబర్ మొదటి వారంలో, ఈనిక (పూత) అక్టోబర్ 8 ప్రాంతంలో, కోత నవంబర్ 7 ప్రాంతంలో వస్తుంది. అదే విత్తనం జూలై 5న పడితే నవంబర్ మొదట్లో ఈనుతుంది, డిసెంబర్ మొదట్లో కోతకొస్తుంది. పూత మీద గాలీవానా పడితే పుప్పొడి కారిపోయి తాలు మిగులుతుంది. పండిన చేను మీద పడితే ఒరిగి కంకిలోనే మొలకెత్తుతుంది. పైగా డిసెంబర్ కోత దాళ్వాను జనవరిలోకి నెడుతుంది, దాళ్వా చివరి తడులకు కాలువ కట్టేస్తారు. ఒక్క జూన్ ఆలస్యం రెండు పంటలకూ తగులుతుందన్నమాట.

2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం (సాగు మానేయడం) ప్రకటించినప్పుడు వాళ్ల బాధల్లో గిట్టుబాటు ధరతో పాటు ముంపు, మురుగు కాలువల సమస్య కూడా ఉన్నాయి.

నలభై రోజుల ఆకు (నారు) ఎందుకు ఊడుస్తారు (నాటుతారు)

నారు వయసుకు పాత లెక్క ఒకటుంది: పంటకాలం ఎన్ని నెలలో నారు వయసు అన్ని వారాలు. ఐదు నెలల స్వర్ణకు ఐదు వారాల లోపు, నాలుగు నెలల రకానికి నాలుగు వారాల లోపు ఊడ్చేయాలి. దాటితే నారు ఆకుమడిలోనే కణుపులు కట్టడం మొదలుపెడుతుంది, చేలోకొచ్చాక పిలకలు తక్కువ వేస్తుంది.

ఇది రైతుకు తెలియక కాదు. ఎగువన కడియం, ఆలమూరు, పెరవలి వైపు కాలువ తెరిచిన వారంలోనే నీళ్లు అందుతాయి. శివారున ఉన్న అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన, మొగల్తూరు దాకా దమ్ముకు (చేనును నీళ్లలో బురదగా దున్నడానికి) సరిపడా నీరు చేరేసరికి రోజులు గడుస్తాయి. ఆకుమడికి కొద్ది నీళ్లు చాలు గనుక దాన్ని ముందే పోసుకుంటారు. తర్వాత దమ్ము నీళ్ల కోసం ఎదురుచూపు, నీళ్లొచ్చాక ట్రాక్టర్ కోసం, ఆ తర్వాత ఊడ్పు కూలీల కోసం. ఇవన్నీ దాటి చేలో ముంపు నీళ్లు ఉంటే అవి దిగాలి. ఆకు ఎత్తుగా ఉంటే నిలిచిన నీళ్లలో మునగదన్న లెక్క కూడా ఒకటి వీళ్లకు ఉంది. పల్లపు చేలలో ఆ లెక్క సరైనదే.

ముదురు ఆకు తప్పనప్పుడు నష్టాన్ని తగ్గించే దారులున్నాయి. కుదురుకు రెండు మూడు బదులు నాలుగైదు మొక్కలు పెట్టాలి. చదరపు మీటరుకు 33 కుదుళ్లకు బదులు 44 దాకా వేయాలి. నత్రజనిలో 70 శాతం దమ్ములోనే వేసి, మిగిలిన 30 శాతం అంకురం దశలో ఇవ్వాలి, ఎందుకంటే ఈ నారుకు పిలకలు వేసే గడువు చాలా కొద్దిరోజులే. ఆకు చివర్లు తుంచి నాటితే కాండం తొలుచు పురుగు పెట్టిన గుడ్ల గుంపులు ఆ తుంచిన ముక్కలతో పోతాయి. తుంచినవాటిని అదే చేలో పారేస్తే మాత్రం ఫలితం ఉండదు.

ఆకుమడి విషయంలో కారణం లేని అలవాటు ఒకటుంది. ఎకరం ఊడ్పుకు ఐదు సెంట్ల మడి, 20 నుంచి 25 కిలోల విత్తనం కావాలి. చాలామంది అదే విత్తనాన్ని రెండు మూడు సెంట్లలో పోస్తారు. మడి ఒత్తుగా పచ్చగా కనిపిస్తుంది గాని ప్రతి మొక్కా సన్నగా, పొడుగ్గా సాగుతుంది, ఊడ్చాక తేరుకోవడానికి పది రోజులు తింటుంది. రెండు సెంట్ల నేల మిగుల్చుకుని పది రోజుల కాలం పోగొట్టుకోవడం ఈ డెల్టాలో ఏ రకంగానూ లాభసాటి బేరం కాదు. విత్తనాన్ని కిలోకు లీటరు నీళ్లు, ఒక గ్రాము కార్బెండజిమ్ లెక్కన 24 గంటలు నానబెట్టి, 24 గంటలు మండె కట్టి (మూటగా కప్పి మొలకెత్తించి) చల్లుతారు. ఐదు సెంట్లకు రెండు కిలోల నత్రజనిని, అంటే నాలుగు కిలోల పైచిలుకు యూరియాను, రెండు దఫాలుగా వేస్తే చాలు.

దాళ్వా ఆకుమడికి వేరే చిక్కులు. ఇప్పుడే కోసిన సార్వా ధాన్యాన్ని విత్తనంగా వాడితే కొన్ని రకాలు నిద్రావస్థలో ఉండి మొలవవు. రకాన్ని బట్టి లీటరు నీటికి 6.3 నుంచి 10 మి.లీ. గాఢ నత్రికామ్లం (నైట్రిక్ యాసిడ్) కలిపి 24 గంటలు నానబెట్టి, బాగా కడిగి మండె కడితే నిద్ర వదులుతుంది. నీళ్లలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. ఇక డిసెంబర్ చలికి నారు ఎదగదు. అందుకే సాయంత్రం మడికి నీళ్లు పెట్టి, తెల్లవారి తీసేస్తారు. రాత్రి నీటిపొర నేల వెచ్చదనాన్ని కాపాడుతుంది, పగలు తీస్తే ఎండకు మడి వేడెక్కుతుంది.

దమ్ము, ఊడ్పు

దమ్ము చేసేది కలుపును పూడ్చడానికి, నీరు ఇంకకుండా కింద గట్టిపొర కట్టడానికి, నాటేవాళ్ల వేళ్లు దిగడానికి. డెల్టా ఒండ్రు బంకనేలలో నీరు ఎలాగూ పెద్దగా ఇంకదు. కాబట్టి నాలుగైదు సాళ్ల దమ్ము ఇక్కడ డీజిల్ దండగ. అసలు విలువ చదునులో ఉంది. చేలో ఒక మూల జానెడు నీళ్లు నిలిచి, ఇంకో మూల తేలి ఉంటే కలుపు మందు ఒకచోట పనిచేయదు, ఒకచోట వరినే కాలుస్తుంది. రోటవేటర్ పైపైన మెత్తగా చేస్తుంది గాని లోతుకు దున్నదు. ఇనుప చక్రాల బరువైన ట్రాక్టర్ ఏటా బురద లోతు పెంచుతూ పోతే కొన్నేళ్లకు కోత యంత్రం ఆ చేలోనే కూరుకుపోతుంది.

ఊడ్పులో అసలు కిటుకు గుత్తలో ఉంది. కూలి ఎకరానికి ఇంత అని మాట్లాడుకుంటే నాటేవాళ్లు దూరం దూరంగా పెట్టడం సహజం. 20 సెంటీమీటర్ల వరుసల్లో 15 సెంటీమీటర్లకు ఒక కుదురు చొప్పున చదరపు మీటరుకు 33 రావాలి. గుత్త చేలలో ఇరవైకి కూడా తగ్గుతుంది. ఖాళీ పూడ్చడానికి మొక్క ఆలస్యంగా పిలకలు వేస్తూ పోతుంది, ఆ పిలకల కంకులు ముందువి పండేసరికి పచ్చిగా ఉంటాయి. కోసిన ధాన్యంలో పచ్చిగింజ ఎక్కువ ఎందుకుందని మిల్లు దగ్గర అడిగే ప్రశ్నకు జవాబు జూలైలోనే పడిపోయింది. చదరపు మీటరు చట్రం ఒకటి కట్టించుకుని ఊడ్పు జరుగుతుండగా నాలుగుచోట్ల పెట్టి లెక్కించడమే దీనికి మందు.

ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమంటే రైతుకు నేల పోయినట్టనిపిస్తుంది. దోమపోటు (వరి రసం పీల్చే సుడిదోమ) కుదురు మొదట్లో, నీడలో, తేమలో పెరుగుతుంది. బాట ఉంటే గాలి, వెలుతురు మొదళ్లకు దిగుతాయి. మందు కొట్టే మనిషి నడవగలుగుతాడు, మందు మొదలుకు తగులుతుంది. బాటలు వదలని చేలో పైనుంచి కొట్టిన మందు ఆకుల మీదే ఆగిపోతుంది.

రకం ఎంపిక: స్వర్ణను ఎందుకు వదలరు

మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి 1982లో విడుదలైన ఎం.టి.యు. 7029కే స్వర్ణ అని పేరు. పాముపొడ తెగులుకు తేలిగ్గా లొంగుతుంది, ఐదు నెలలు చేనును ఆక్రమిస్తుంది. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా సార్వాలో దాన్ని వదలని రైతులున్నారంటే, తక్కువ నత్రజనితోనే సరిపెట్టుకోవడం, ధాన్యాన్ని ఏ మిల్లయినా తీసుకోవడం దానికున్న బలాలు. తర్వాత వచ్చిన ఇంద్ర అనే 1061, అమర అనే 1064 ముంపును కొంత ఓర్చుకుంటాయి. స్వర్ణకే ముంపును తట్టుకునే జన్యువు చేర్చిన స్వర్ణ సబ్1 రెండు వారాల దాకా నీట మునిగినా బతుకుతుంది. మామూలు వరి మునిగితే నీటిపైకి రావడానికి సాగుతూ ఒంట్లోని పిండిపదార్థమంతా ఖర్చుపెడుతుంది, నీరు దిగాక నిలబడలేక పడిపోతుంది. సబ్1 ఉన్నది సాగడం ఆపి ఓపిక పడుతుంది. పల్లపు చేనుకు స్వర్ణ వేసి ఆకాశం వైపు చూడటం కంటే ఈ దారి మేలు. మెరక చేనుకు ఆ అవసరం లేదు.

దాళ్వాలో 120 రోజులకు అటూ ఇటూ వచ్చేవే వేయాలి: కాటన్ దొర సన్నాలుగా పిలిచే 1010, శ్రీధృతి అనే 1121, తరంగిణి అనే 1156. లావు గింజ బొండాల రకమైన ప్రభాత్ అంటే 3626ను వేసేవాళ్లకు కేరళ ఉప్పుడు బియ్యం గిరాకీ మీదే కన్ను. ఆ ఏడు గిరాకీ తగ్గితే గింజ కొనే నాథుడుండడు. ఊళ్లో మిల్లువాళ్లు ఏం తీసుకుంటారో అడక్కుండా బొండాలు వేయడం జూదమే.

ఎరువులు: సార్వాకు సగం ఎందుకు

వ్యవసాయ విశ్వవిద్యాలయం గోదావరి మండలానికి చెప్పే మోతాదు సార్వాకు ఎకరాకు 36 కిలోల నత్రజని, 24 భాస్వరం, 24 పొటాష్. దాళ్వాకు నత్రజని 72, భాస్వరం 36, పొటాష్ 24. అదే నేల, అదే నీరు అయినా నత్రజని రెట్టింపు ఎందుకంటే ఎండ. సార్వాలో జూలై నుంచి అక్టోబర్ దాకా మబ్బులు. ఎండ లేనప్పుడు వేసిన నత్రజని గింజగా మారదు, మెత్తటి ఆకుగా మారి పాముపొడకు, ఎండాకు తెగులుకు, దోమకు విందవుతుంది, చివరికి చేను ఒరుగుతుంది. దాళ్వాలో జనవరి నుంచి ఏప్రిల్ దాకా నిండు ఎండ. మొక్క తిన్నదంతా గింజవుతుంది. డెల్టాలో దాళ్వా దిగుబడి సార్వాను దాటడానికి ప్రధాన కారణం ఇదే.

బస్తాల్లోకి మారిస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. 50 కిలోల డీఏపీ బస్తాలో 23 కిలోల భాస్వరం, 9 కిలోల నత్రజని ఉంటాయి. 45 కిలోల యూరియా బస్తాలో 20.7 కిలోల నత్రజని ఉంటుంది. సార్వాకు ఒక డీఏపీ బస్తా వేస్తే భాస్వరం సరిపోతుంది, మిగిలిన 27 కిలోల నత్రజనికి కావలసింది 59 కిలోల యూరియా, అంటే బస్తా మీద మూడో వంతు. దానికి 40 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్. దాళ్వాకు ఒకటిన్నర డీఏపీ, మూడు బస్తాలకు కాస్త తక్కువ యూరియా, అదే 40 కిలోల పొటాష్. సార్వాలోనే మూడు బస్తాల యూరియా వేసే చేలు తక్కువేమీ కాదు.

యూరియాను మూడు భాగాలు చేసి దమ్ములో, పిలకల దశలో, అంకురం దశలో వేయడానికి కారణం అది నీళ్లలో ఎక్కువ కాలం నిలవకపోవడం. నిండా నీళ్లున్న చేలో చల్లితే, పగటిపూట నాచువల్ల నీటి క్షారగుణం పెరిగి కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. నేల పైపొరలో కొంత నైట్రేటుగా మారి, కిందికి దిగి, వాయువైపోతుంది. మూడోది డెల్టాకే ప్రత్యేకమైన నష్టం. చాలాచోట్ల ప్రతి చేనుకూ విడిగా బోదె లేదు, నీరు చేలోంచి చేలోకి పారుతుంది. ఎగువ రైతు వేసిన యూరియా దిగువ రైతు చేను పచ్చబరుస్తుంది. అందుకే నీరు తీసేసి, బురద పదునులో చల్లి, ఒకటి రెండు రోజులు ఆగి మళ్లీ పలుచగా నీరు పెట్టాలి, ఈలోగా గట్టు గండ్లు మూసెయ్యాలి.

ఇక్కడ కారణం లేని అలవాటు పైపాటుగా 28-28, 20-20 లాంటి, నత్రజని, భాస్వరం కలిసిన కాంప్లెక్స్ ఎరువులు చల్లడం. భాస్వరం పడినచోటే నేలకు అంటుకుపోతుంది. వేరు పుట్టే తొలి రోజుల్లో దాని అవసరం. నలభయ్యో రోజున పైన చల్లింది ఆ పంటకు దాదాపు చేరదు. రైతు చూసే పచ్చదనమంతా అందులోని నత్రజనిదే, అది యూరియాలో చాలా చవకగా దొరుకుతుంది. పైగా ఏళ్ల తరబడి భాస్వరం వేసిన డెల్టా నేలల్లో అది పేరుకుని ఉంటుంది, నీరు కట్టినప్పుడు ఇంకాస్త విడుదలవుతుంది. భూసార పరీక్షలో భాస్వరం ఎక్కువని వస్తే మోతాదు తగ్గించుకోవచ్చు.

పేరుకున్న భాస్వరం జింకును అందకుండా చేస్తుంది. దాళ్వాలో చలి దీనికి తోడవుతుంది. నాటిన రెండు నుంచి ఆరు వారాల్లో పైనుంచి మూడు, నాలుగు ఆకుల మీద తుప్పు మచ్చలు, మధ్య ఈనె మొదట్లో తెల్లబడటం, వంచితే ఆకు పెళుసుగా విరగడం దాని గుర్తులు. ఈ చేనును చూసి యూరియా వేస్తే పని చేయదు. దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ వేస్తే లోపమే రాదు. అయితే భాస్వరం ఎరువుతో కలిపి వేయకూడదు, రెండిటికీ కనీసం మూడు రోజుల ఎడం ఉండాలి. పైరు మీద కనిపిస్తే లీటరుకు రెండు గ్రాములు కలిపి ఐదు రోజుల తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేయాలి.

పచ్చిరొట్ట సంగతి వేరు. దాళ్వా కోయగానే ఎకరాకు 12 నుంచి 15 కిలోల జీలుగ చల్లి, జూన్‌లో నీళ్లొచ్చాక పూత దశలో కలియదున్నితే చౌడు తగులుతున్న శివారు నేలలకు అంతకు మించిన వైద్యం లేదు. సబ్సిడీ విత్తనం వచ్చినా కౌలు రైతు వేయడు. ఎందుకు వేస్తాడు? వచ్చే ఏడాది ఆ చేను ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు. డెల్టాలో సాగుచేసేవాళ్లలో కౌలుదార్లే ఎక్కువమంది, ఒప్పందాలు నోటిమాట మీద ఏడాదికేడాది. నేలకు పెట్టుబడి పెట్టడమనేది సొంతదారు చేయాల్సిన పని, అతను ఊళ్లో ఉండడు.

ముంపు

డెల్టా రైతు సార్వాలో నీళ్ల కోసం కంటే నీళ్లు పోవడం కోసమే ఎక్కువ పాట్లు పడతాడు. యనమదుర్రు, కౌశిక, శంకరగుప్తం లాంటి మురుగు కాలువలు సముద్రంలో, ఉప్పుటేరుల్లో కలుస్తాయి. పోటు వేళ సముద్రం ఎత్తుగా ఉంటుంది, మురుగు దిగదు. ఆటు వచ్చిన కొద్ది గంటల్లోనే దిగాలి, ఆ గంటల్లో గుర్రపుడెక్క, తూడు అడ్డుపడితే రోజులు పడుతుంది. చేపల చెరువుల గట్లు మురుగు బోదెల్ని ఇరుకు చేసినచోట మరింత ఆలస్యం.

మునిగిన చేనులో నీరు దిగీదిగగానే ఎకరాకు 20 కిలోల యూరియా, 10 నుంచి 15 కిలోల పొటాష్ వేయాలి. ఆకులకు పట్టిన ఒండ్రును నీళ్లతో కడిగినా మంచిదే. నిలిచిన నీళ్లలోనే యూరియా చల్లడం మాత్రం మురుగు కాలువకు ఎరువేయడమే.

దాళ్వాలో వెదజల్లడం

దాళ్వాలో ఊడ్పులు మాని వెదజల్లడం, డ్రమ్ సీడర్ (రంధ్రాల డ్రమ్ములతో విత్తనం వరుసల్లో రాల్చే పరికరం) లాగడం బాగా పెరిగాయి. దీనికి చెప్పే కారణం కాలం కలిసొస్తుందని. ఇది సగమే నిజం. నాటు దెబ్బ ఉండదు గనుక విత్తిన రోజు నుంచి లెక్కిస్తే పంట వారం పది రోజులు ముందొస్తుంది. కానీ చేను ఖాళీ అయ్యాకే విత్తాలి. సార్వా డిసెంబర్ 2న కోసి 10న వెదజల్లితే ఏప్రిల్ మొదట్లో కోత. అదే నవంబర్ 25న మెరకలో ఆకుమడి పోసి డిసెంబర్ 20న ఊడిస్తే మార్చి చివర్లోనే కోత. కాలం పరంగా ఊడ్పే ముందుంది. అసలు కారణం ఊడ్పు కూలి, ఆకు తీత ఖర్చు మిగలడం. అది దాచుకోవలసిన కారణమేమీ కాదు, మిగిలేది చిన్న మొత్తం కాదు.

డ్రమ్ముకు ఎకరాకు 12 నుంచి 15 కిలోల విత్తనం చాలు. మొలక ముక్కు పగిలితే చాలు, పొడుగైతే ఒకదానికొకటి చిక్కుకుని రంధ్రాల్లోంచి రాలదు. డ్రమ్మును మూడింట రెండు వంతులే నింపాలి. చేలో నీరు తీసేసి పలుచని బురద మీద లాగి, రెండు మూడు రోజులు నీరు పెట్టకూడదు. ఆ రోజుల్లో వాన పడి నీరు నిలిస్తే మొలక కుళ్లుతుంది. అందుకే ప్రతి రెండు మీటర్లకు మురుగు పోయే చాలు తీస్తారు.

వెదలో ఓడించేది ఊద అనే కలుపు గడ్డి. వరీ ఊదా ఒకే రోజున మొలుస్తాయి, చిన్నప్పుడు పోల్చడం కష్టం. విత్తిన మూడు నుంచి ఐదు రోజుల్లో సేఫ్‌నర్ (వరి మొలకను కాపాడే పదార్థం) కలిసిన ప్రెటిలాక్లోర్ కలుపు మందు ఎకరాకు 600 మి.లీ. ఇసుకలో కలిపి చల్లాలి. సేఫ్‌నర్ లేని ప్రెటిలాక్లోర్ ఊడ్చిన చేనుకు ఉద్దేశించింది. దుకాణంలో సీసా మారితే కలుపుతోపాటు వరి మొలక కూడా పోతుంది. లేబుల్ చదవకుండా కొనకూడనిది ఇదే. ఇరవై రోజుల లోపు ఊద రెండు నాలుగు ఆకులతో ఉన్నప్పుడు బిస్‌పైరిబాక్ సోడియం 100 మి.లీ., నీరు తీసేసి మొక్కలు పైకి కనిపిస్తుండగా కొట్టి, రెండు రోజులకు నీరు పెట్టాలి. వంతులవారీ నీళ్లలో ఇదే గండం: మందు కొట్టాల్సిన రోజున చేలో నీళ్లుంటాయి, పెట్టాల్సిన రోజున వంతు రాదు. వెదజల్లే బోదె కింది రైతులంతా ఒకే వారంలో విత్తితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

మందులు, ఎలుకలు

దోమపోటు తానుగా వచ్చేది తక్కువ, తెచ్చుకునేదే ఎక్కువ. ఆకుముడత కనిపించగానే సింథటిక్ పైరిత్రాయిడ్ కొడతారు. పురుగు రాలుతుంది గాని దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు కూడా చస్తాయి. మూడు వారాలకు చేలో గుండ్రంగా ఎండిన సుడులు కనబడతాయి. పిలకల దశలో కుదురుకు పది పదిహేను దోమలు, తర్వాత ఇరవై ఇరవై అయిదు దాటితేనే మందు. ముందు చేలో నీరు తీయాలి. పైమెట్రోజిన్ ఎకరాకు 120 గ్రాములు లేదా బుప్రోఫెజిన్ లీటరుకు 1.6 మి.లీ. కుదుళ్ల మొదళ్లు తడిసేలా కొట్టాలి. పక్కవాడు కొట్టాడని కొట్టే మందు ఈ డెల్టాలో అన్నిటికంటే ఖరీదైన అలవాటు.

ఎలుకలకు మాత్రం పక్కవాడితో కలిసి పని చేయాల్సిందే. ఒక్క చేలో ఎర పెడితే పక్క గట్టు నుంచి కొత్తవి వస్తాయి. ఊడ్పులైన కొద్దివారాలకు, పొట్ట దశ రాకముందే ఊరంతా ఒకేసారి 96 పాళ్ల నూకలు, 2 పాళ్ల నూనె, 2 పాళ్ల బ్రోమడయోలోన్ కలిపి పొట్లాలు కట్టి, తాజా బొరియల్లో పెట్టాలి. పొట్ట దశ దాటితే ఎలుకకు చేలోనే తీపి తిండి దొరుకుతుంది, ఎర ముట్టదు. గట్లు చెక్కి సన్నగా ఉంచడం అందానికి కాదు, వెడల్పు గట్టులోనే ఎలుక ఇల్లు కడుతుంది.

కోత

కూలీల కొరతవల్ల, తుపాను భయంవల్ల కోత యంత్రమే ఇప్పుడు మాసూళ్లు. యంత్రం ఒక రోజులో చేను ఖాళీ చేస్తుంది, కానీ పనల మీద ఆరాల్సిన నెమ్ము (తేమ) గింజలోనే ఉంటుంది. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదు. 22 శాతం నెమ్ముతో వచ్చిన 75 కిలోల బస్తా 17 శాతానికి ఆరితే దాదాపు 70.5 కిలోలవుతుంది. 2025-26కు సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, అంటే బస్తా సుమారు 1,777 రూపాయలు. ఆ నాలుగున్నర కిలోల నీటికి వంద రూపాయల పైనే. ధాన్యం రోడ్ల మీద ఆరబోసేది దీనికే. ఆరబెట్టకుండా అమ్మినప్పుడు మిల్లు తీసే తరుగు ఈ లెక్కకు మించుతోందా లేదా అని రైతే వేసుకుని చూసుకోవాలి.

యంత్రం వదిలిన గడ్డిని తగలబెట్టేది దాళ్వాకు పది పదిహేను రోజులే ఉండటంవల్ల. తడి గడ్డిని దున్నిన వెంటనే ఊడిస్తే అది కుళ్లుతూ నత్రజనిని లాక్కుంటుంది, పైరు పసుపెక్కుతుంది, వేళ్లు నల్లబడతాయి. వెదజల్లిన చేలో గడ్డి తేలి మొలకల్ని కప్పేస్తుంది. కాలిస్తే ఈ బాధలు పోతాయి గాని గడ్డిలోని నత్రజని దాదాపు పూర్తిగా, గంధకంలో కొంత పోతాయి. కోయగానే నీరు పెట్టి, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 50 కిలోలు చల్లి రోటవేటర్ తిప్పి, రెండు వారాలు వదిలితే గడ్డి మెత్తబడుతుంది. ఆ రెండు వారాలు నవంబర్ మొదట్లో కోసిన చేనుకు ఉన్నాయి, డిసెంబర్‌లో కోసిన చేనుకు లేవు. కట్టలు కట్టే యంత్రం దొరికితే గడ్డిని పశువులకు అమ్మేయడం రెండిటికంటే తేలిక.

కోతకొచ్చిన చేను వానకు ఒరిగితే మొదట నీరు బయటికి తీయాలి, తర్వాత కంకుల మీద ఐదు శాతం ఉప్పు ద్రావణం, అంటే 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల కళ్లుప్పు, పిచికారీ చేయాలి. ఇది మొలకను ఆలస్యం చేస్తుంది, ఆపదు, కాబట్టి ఎండ కనిపించగానే కోసి ఆరబెట్టాలి. నిద్రావస్థ ఉన్న రకాలు ఇక్కడ నాలుగు రోజులు ఎక్కువ ఆగుతాయి. వానలో తడిసిన ధాన్యాన్ని మిల్లుకు పంపాలే గాని విత్తనానికి దాచకూడదు. ఒకసారి మొలక కదిలి ఆగిన గింజ వచ్చే జూన్‌లో మండెలో సగమూ మొలవదు.